క్యాన్సర్ ట్రీట్‌మెంట్ తర్వాత టెస్టుల ఆలస్యం, ఇన్సూరెన్స్ కొర్రీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడం కూడా అయిపోయింది, ఇక గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. స్కాన్ సెంటర్ల చుట్టూ, ఇన్సూరెన్స్ డెస్కుల చుట్టూ తిరుగుడు మొదలయ్యేది అప్పుడే. నేను రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పూర్తయి ఫాలో అప్‌లో ఉన్నాను. ఓపీ బయట బెంచీల మీద తోటి పేషెంట్లు, వాళ్ల పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. వైద్యం విషయంలో చివరి మాట మీ డాక్టర్‌దే. కానీ ఏ ఆలస్యం వైద్యం కోసం జరుగుతోందో, ఏది ఎవరి టేబుల్ మీదో కాగితం ఆగిపోవడం వల్ల జరుగుతోందో తెలుసుకోవడం మాత్రం మన పనే. మొదటిదానికి ఓపిక పట్టాలి, రెండోదానికి అస్సలు పట్టకూడదు.

ట్రీట్‌మెంట్ అయిపోయింది కదా, ఇంకా ఎన్నాళ్లీ టెస్టులు?

అది క్యాన్సర్‌ని బట్టి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ అయితే మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ చూస్తారు, ఆ తర్వాత రెండేళ్లు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఏటా తీయాలి. పెద్దపేగు క్యాన్సర్ అయితే సీఈఏ రక్తపరీక్ష, సీటీ స్కాన్, ఏడాది తిరిగేసరికి ఒక కొలనోస్కోపీ (పేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష), ఇలా వేరే వరస ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే "నాకు ఏ టెస్టు, ఎప్పుడు, ఎన్నేళ్లు" అని ఒక కాగితం మీద రాయించుకోండి. చాలామంది దగ్గర ఈ కాగితం ఉండదు. అది లేకపోతే డేట్ దాటిపోయిన సంగతి కూడా మనకి తెలీదు.

ఆర్నెల్లకోసారి పెట్ స్కాన్ తీయించుకుంటే ధైర్యంగా ఉంటుంది కదా, డాక్టర్ ఎందుకు వద్దంటున్నారు?

డబ్బు మిగల్చడానికో, మిమ్మల్ని పట్టించుకోకో కాదు. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయి ఏ ఇబ్బందీ లేనివాళ్లకి ఊరికే పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్షలు) చేస్తూ పోవద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. పెట్ స్కాన్‌లో క్యాన్సరే కాదు, ఇన్ఫెక్షన్ కూడా వెలుగుతుంది. పాత టీబీ గడ్డ వెలుగుతుంది, మానుతున్న ఆపరేషన్ గాయం వెలుగుతుంది. అలా వెలిగిన ప్రతిదానికీ ఇంకో స్కాన్, ఇంకో ముక్క పరీక్ష (బయాప్సీ), ఇంకో నెల టెన్షన్. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఈ బెడద మనకి మరీ ఎక్కువ. కొన్ని లింఫోమాల్లో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో), ఇంకొన్ని క్యాన్సర్లలో పెట్ స్కాన్ నిజంగానే అవసరం. అందుకే "పక్కింటావిడకి రాశారు, నాకెందుకు రాయలేదు" అనుకోకుండా, "నాకు ఏ లక్షణం కనిపిస్తే స్కాన్ రాస్తారు డాక్టర్ గారూ?" అని అడగండి. దానికి వచ్చే జవాబు మీకు చాలా పనికొస్తుంది.

పొద్దున్నే పరగడుపున వెళ్తే స్కాన్ ఇవాళ లేదని పంపేశారు. ఇదేం పద్ధతి?

ఒళ్లు మండుతుంది, నిజమే. ముందు కారణం తెలుసుకోండి. పెట్ స్కాన్‌కి ఎక్కించే మందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్ సుమారు 110 నిమిషాలకల్లా సగానికి తగ్గిపోతుంది. దాన్ని నిల్వ పెట్టుకునే వీల్లేదు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తెల్లవారుజామున తయారుచేసి ఆ పూటే సెంటర్లకి పంపుతారు. ఆ యంత్రం ఆగినా, మందు తెచ్చే బండి ఆలస్యమైనా ఆ రోజు ఆ సెంటర్‌లో చాలామందికి స్కాన్ ఉండదు. ఇందులో రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి తప్పేమీ లేదు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి "రేపు డోస్ కన్ఫర్మేనా?" అని అడగండి. ఊరినుంచి వచ్చేవాళ్లయితే, మందు వచ్చాక వెళ్లేలా కాస్త ఆలస్యపు స్లాట్ అడగడం మంచిది.

కొన్ని కారణాలు మన చేతిలో ఉన్నవి. షుగర్ 200 దాటితే చాలా సెంటర్లలో స్కాన్ వాయిదా వేస్తారు, ఎందుకంటే ఎక్కించేది గ్లూకోజ్ లాంటి మందు. ఒంట్లో ముందే షుగర్ నిండుగా ఉంటే అది సరిగ్గా పట్టదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో ముందే అడిగి రాసుకోండి. ముందు రోజు బరువు పనులు, గట్టి వ్యాయామం వద్దు.

సీటీ స్కాన్‌తో ఇంకో తంటా. కాంట్రాస్ట్ (స్కాన్ స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఎక్కించాలంటే కిడ్నీ ఎలా ఉందో చూపించే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పరు, తీరా గౌను వేసుకుని చేతికి సూది గుచ్చే వేళకి చెబుతారు. అప్పుడు రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం కూర్చుని, ఈలోపు స్లాట్ పోయి, ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా పడిగాపులు. డేట్ తీసుకునేటప్పుడే "ఏయే బ్లడ్ రిపోర్టులు కావాలి, ఎన్ని రోజుల లోపువి కావాలి?" అని అడిగేస్తే ఒక రోజు మిగులుతుంది.

రేడియేషన్ అయి నెల కూడా కాలేదు. స్కాన్ మూడు నెలల తర్వాత అంటున్నారు. ఆలస్యం కాదా?

కాదు. ఇది ఓపిక పట్టాల్సిన ఆలస్యం. రేడియేషన్ పడిన చోట వాపు ఉంటుంది, ఆ వాపు కూడా స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. అందుకే చాలా సందర్భాల్లో పెట్ స్కాన్‌కి పన్నెండు వారాల దాకా ఆగమంటారు. తొందరపడి వేరే చోట డబ్బు కట్టి తీయించుకుంటే అర్థం కాని రిపోర్టు చేతికొస్తుంది, దానికంటే రాకపోవడమే మేలు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులైనా రిపోర్టు లేదు. ఏదో చెడ్డది ఉందనేనా?

రిపోర్టు ఆలస్యమైతే జబ్బు ముదిరిందని అర్థం కాదు. ముక్కని ఫార్మాలిన్‌లో నానబెట్టాలి, మైనంలో బిగించాలి, పల్చగా కోసి రంగులు వెయ్యాలి. ఎముక ముక్కయితే ముందు దాన్ని మెత్తబరచాలి, దానికే రోజులు పడుతుంది. మొదటి చూపులో ఏ రకమో తేలకపోతే ఐహెచ్‌సీ అని ఇంకో పరీక్ష, హెర్2 (రొమ్ము క్యాన్సర్‌లో చూసే ఒక ప్రొటీన్) "2+" అని వస్తే దాన్ని తేల్చడానికి ఫిష్ అని మరో పరీక్ష. ఒక్కోదానికి ఇంకొన్ని రోజులు పోతాయి.

కానీ ల్యాబ్ మన కోసం ఆగిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఐహెచ్‌సీకి విడిగా డబ్బు కట్టాలని, కట్టేదాకా మొదలుపెట్టమని పేషెంట్‌కి ఎవరూ చెప్పరు. ఒకావిడ రిపోర్టు వస్తుందని వారం ఎదురుచూసింది, అక్కడ ల్యాబ్ వాళ్లేమో బిల్లు కట్టలేదని ముక్క ఉన్న మైనం బ్లాక్‌ని పక్కన పెట్టేశారు. ఇద్దరిలో ఒక్కరు ఫోన్ చేసినా ఆ వారం పోయేది కాదు. కాబట్టి శాంపిల్ ఇచ్చిన రోజే ల్యాబ్ నంబరు, మీ శాంపిల్ నంబరు తీసుకోండి. ఐదో రోజు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: శాంపిల్ అందిందా, అదనపు టెస్టులేమైనా రాశారా, డబ్బు బాకీ ఉందా.

ఎంత ఆలస్యమైతే ప్రమాదం? ఏ లక్షణాలకి డేట్ కోసం ఆగకూడదు?

ఏ ఇబ్బందీ లేకుండా ఫాలో అప్‌లో ఉన్నవాళ్లకి మామోగ్రామ్ రెండు మూడు వారాలు అటూ ఇటూ అయితే భయపడక్కర్లేదు. కొత్త గడ్డ కనిపించినా, స్కాన్‌లో అనుమానం ఉందని రాసినా ఆ లెక్క పనికిరాదు, అప్పుడు వారాలు లెక్కపెట్టి వెంటపడాలి.

అస్సలు ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరెక్కడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి గుర్తు కావచ్చు. ఇది గంటల్లో చూపించాల్సిన విషయం. ఫిట్స్, తగ్గని తలనొప్పితో వాంతులు, ఆయాసం, కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీల జ్వరం, వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ మాట మర్చిపోయి ఎమర్జెన్సీకి వెళ్లండి. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ జరిగిందన్న మాట గుమ్మంలోనే చెప్పండి.

డేట్ ముందుకి జరపాలంటే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

తెలిసినవాళ్లకంటే డాక్టర్ రాసే రెండు పదాలు ఎక్కువ పనిచేస్తాయి. స్కాన్ చీటీ మీద "తిరగబెట్టిందని అనుమానం, అర్జెంట్" అని రాయిస్తే సెంటర్ వాళ్లు చూసే తీరే మారుతుంది. ఒట్టి "ఫాలో అప్" అని ఉంటే చివరి వరసలో పడుతుంది. క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాయించండి, గంట ముందు పిలిచినా వస్తామని చెప్పండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో రద్దీ ఎక్కువ, అక్కడ డేట్ మరీ దూరంగా ఉంటే ఆ ఒక్క స్కాన్ బయట తీయించి తెస్తే ఒప్పుకుంటారా అని మీ యూనిట్ డాక్టర్‌ని అడిగాకే బయటికి వెళ్లండి. బయట తీయిస్తే రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా తీసుకోండి. పాత సీడీ పక్కన పెట్టి పోల్చి చూస్తేనే కొత్త స్కాన్‌కి విలువ.

మార్కర్ కొంచెం పెరిగింది. తిరగబెట్టినట్టేనా?

ఒక్క అంకెతో ఏదీ తేలదు. సిగరెట్ తాగేవాళ్లలో సీఈఏ ఎక్కువ ఉంటుంది. సీఏ 125 అనే ఇంకో మార్కర్ అయితే నెలసరికీ, లివర్ జబ్బుకీ, కడుపులో టీబీకీ కూడా పెరుగుతుంది. అదే ల్యాబ్‌లో కొన్ని వారాలాగి మళ్లీ చేయించి, పెరుగుతూ పోతోందా లేదా చూస్తారు. ల్యాబ్ మారిస్తే అంకెలు పోల్చడం కష్టం, దయచేసి మార్చకండి.

పాలసీ ఉండి కూడా స్కాన్ డబ్బులు చేతి నుంచే ఎందుకు పెట్టుకోవాలి?

మన దగ్గర మామూలు హెల్త్ పాలసీలన్నీ ఆసుపత్రిలో చేరడం చుట్టూ అల్లినవి. అడ్మిషన్‌కి ముందు 30 లేదా 60 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60, 90, కొన్నిట్లో 180 రోజులు, ఆ లోపు అదే జబ్బుకి చేయించిన టెస్టులకి డబ్బు వస్తుంది. మీ పాలసీలో ఎన్ని రోజులో చూసుకుని, ఆఖరి రోజుకి ముందే ఫాలో అప్ టెస్టులు పడేలా డాక్టర్‌తో మాట్లాడితే కొంత భారం తగ్గుతుంది. కీమో డే కేర్ కింద (రాత్రి ఉండకుండా అదే రోజు ఇంటికి పంపేలా) అయినా అడ్మిషన్ లాగానే లెక్క. కాబట్టి ప్రతి సైకిల్ చుట్టూ ఈ రోజుల లెక్క వర్తిస్తుందేమో అడగండి, చాలామంది ఈ క్లెయిమ్ వదిలేసుకుంటున్నారు.

"ఒక రోజు అడ్మిట్ అయిపోండి, స్కాన్ క్లెయిమ్ చేసేద్దాం" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. కేవలం పరీక్షల కోసం చేరితే డబ్బివ్వమని ప్రతి పాలసీలో ఒక నిబంధన ఉంటుంది, దాని నంబరు ఎక్స్‌క్లూజన్ 04. క్లెయిమ్ పోవడం ఒక ఎత్తు, రేపు అసలైన క్లెయిమ్ పెట్టినప్పుడు మిమ్మల్ని అనుమానంగా చూడటం ఇంకో ఎత్తు.

డిశ్చార్జ్ రాశారు, సాయంత్రమైనా "అప్రూవల్ రాలేదమ్మా" అంటున్నారు.

2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే) రిక్వెస్ట్ మీద గంటలోపు, డిశ్చార్జ్ బిల్లు మీద మూడు గంటలలోపు కంపెనీ తేల్చాలి. మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా బిల్లు వేస్తే ఆ డబ్బు కంపెనీయే పెట్టుకోవాలి. అయితే ఈ గడియారం ఆసుపత్రి కాగితాలు పంపిన దగ్గర్నుంచే తిరుగుతుంది. అందుకే డెస్క్ దగ్గర "అప్రూవల్ వచ్చిందా" అని అడిగితే లాభం లేదు. "ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపారు? మెయిల్ చూపిస్తారా? టీపీఏ నుంచి క్వెరీ ఏమైనా వచ్చిందా?" అని అడగండి. టీపీఏ అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ, క్వెరీ అంటే వాళ్లు వేసే కొర్రీ. చాలాసార్లు బిల్లు ఇంకా ఫార్మసీలోనే ఉంటుంది, లేదా క్వెరీ వచ్చి మూడు గంటలైనా డ్యూటీ డాక్టర్ జవాబు రాయలేదని తేలుతుంది. అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో మీకు తెలుస్తుంది. ముందే డేట్ ఇచ్చిన ఆపరేషన్, కీమోలకైతే రెండు మూడు రోజుల ముందే ప్రీ ఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి కోరే రిక్వెస్ట్) పంపమని పట్టుబట్టండి.

"పాత జబ్బు దాచిపెట్టారు" అని క్లెయిమ్ కొట్టేశారు. ఇప్పుడెలా?

ఇది అన్నిటికంటే ఎక్కువమందిని కుంగదీసే ఉత్తరం. ఇది ఎక్కడ పుడుతుందో చూడండి. అడ్మిషన్ రోజు హడావిడిలో జూనియర్ డాక్టర్ అడుగుతాడు, "ఎన్నాళ్లుగా ఉందమ్మా గడ్డ?" అని. పక్కనున్న ఆడపడుచో, కొడుకో "ఏమో, మూడేళ్ల నుంచీ ఏదో ఉందంటోంది" అంటారు. కేస్ షీట్‌లో "మూడేళ్లుగా గడ్డ" అని ఎక్కేస్తుంది. పాలసీ తీసుకుని రెండేళ్లే అయితే ఆ ఒక్క వాక్యం చాలు, క్లెయిమ్ పోతుంది. నిజమే చెప్పాలి, కానీ తెలియనిది ఊహించి చెప్పకూడదు. డాక్టర్ ఏం రాశారో ఆ రోజే చదివి, తప్పుంటే ఆయన చేతే దిద్దించి సంతకం పెట్టించండి.

ఇప్పటికే రిజెక్ట్ అయితే ఈ సంగతులు చూడండి. నిబంధనల ప్రకారం ముందస్తు జబ్బు అంటే పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినదో, లేదా డాక్టర్ సలహా, వైద్యం అందినదో అయి ఉండాలి. మీరు ఏ డాక్టర్‌కీ చూపించకపోతే ఆ మాట గట్టిగా రాయండి, మొదటి బయాప్సీ రిపోర్టు తేదీ జత చేయండి. రెండోది, అలాంటి జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం) 36 నెలలకి మించకూడదు. మూడోది, పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, మోసం అని కంపెనీ రుజువు చేస్తే తప్ప, విషయం దాచారన్న సాకుతో క్లెయిమ్ కొట్టేసే వీల్లేదు. మధ్యలో పెంచుకున్న బీమా మొత్తానికి మాత్రం ఈ 60 నెలలు పెంచిన రోజు నుంచి లెక్క. ఇంకొకటి, కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు. కాబట్టి ఏ పాలసీ నిబంధన కింద కొట్టేశారో, కమిటీ చూసిందో లేదో రాతలో ఇవ్వమని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన కారణం దేనికీ పనికిరాదు.

ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? లాయర్ కావాలా?

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్. దాంతో పాటు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి, 155255కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఏపీ, తెలంగాణ రెండిటికీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లోనే. 50 లక్షల దాకా క్లెయిములు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, అదే విషయం మీద కోర్టులోనో, కన్స్యూమర్ కమిషన్‌లోనో కేసు నడుస్తూ ఉండకూడదు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి, లేకపోతే రోజుకి 5,000 రూపాయలు మీకు కట్టాలి. తీర్పు నచ్చకపోతే కన్స్యూమర్ కమిషన్ దారి ఎలాగూ ఉంది.

ట్రీట్‌మెంట్‌తో నీరసించి ఉన్నప్పుడు ఇదంతా ఎవరు చేస్తారు అనిపిస్తుంది. ఇంట్లో ఒకరికి ఈ పని పూర్తిగా అప్పజెప్పండి. బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి "మేం ఏం చెయ్యగలం" అని బాధపడే పిల్లలుంటే ఇదే వాళ్లకి సరైన పని, అంతా మెయిల్లోనే జరుగుతుంది.

క్లెయిమ్ తీసుకున్నాం కాబట్టి రెన్యూవల్ ఆపేస్తారా? కంపెనీ మారొచ్చా?

క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యూవల్ నిరాకరించకూడదు. మీరు మాత్రం ఒక్క రోజు కూడా ప్రీమియం ఆపకండి. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉన్నా దాని మీద ఆధారపడొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, బిల్లులో వేశారేమో చూసుకోండి. కంపెనీ మారడానికి పోర్టబిలిటీ హక్కు ఉంది కానీ, కొత్త కంపెనీ మిమ్మల్ని చేర్చుకోవాలని రూలేమీ లేదు. అక్కడ చేతికి పాలసీ వచ్చేదాకా ఇక్కడిది వదలకండి. ఆఫీసు గ్రూప్ పాలసీ మీద ఉన్నవాళ్లు రాజీనామా ఇచ్చే ముందే, అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ని అడగాలి, ఆఖరి రోజు దాటాక కాదు.

ఆరోగ్యశ్రీలో చేయించుకున్నాం. మాకూ ఈ తంటాలుంటాయా?

ఉంటాయి, రకం వేరు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 70 దాటిన పెద్దవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షలు ఉంది. ఫాలో అప్ స్కాన్లు ప్యాకేజీలో ఉన్నాయా లేదా అన్నది జబ్బునిబట్టి మారుతుంది, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే అడగండి. ఉచితం అన్నదానికి డబ్బు అడిగితే రసీదు తీసుకుని 104కి ఫోన్ చేయండి.

రైలు, టాక్స్ లాంటివాటిలో ఏమైనా ఊరట ఉందా?

ఉంది. క్యాన్సర్ పేషెంట్ ట్రీట్‌మెంట్‌కే కాదు, చెకప్‌కి వెళ్లినా రైలు రాయితీ వర్తిస్తుంది. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి నుంచి రైల్వే ఫారం తీసుకుని కౌంటర్‌లో ఇవ్వాలి. ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవాళ్లకి క్యాన్సర్ చికిత్స ఖర్చు మీద 40,000 దాకా, పేషెంట్‌కి 60 దాటితే లక్ష దాకా మినహాయింపు ఉంది. ఇన్సూరెన్స్ నుంచి వచ్చినది అందులోంచి తీసేయాలి.

ఫైల్ ఎలా పెట్టుకోవాలి?

తేదీల వారీగా, అంతే. మొదటి బయాప్సీ, ఐహెచ్‌సీ, ఆపరేషన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీలు, కీమో చార్టు, రేడియేషన్ సమ్మరీ అన్నిటికన్నా పైన. అసలు బిల్లులు క్లెయిమ్‌కి ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫొటో తీయండి. ఆధార్‌లో, పాలసీలో, ఆసుపత్రి రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మన తెలుగువాళ్లకి మామూలే, దానికి కూడా కొర్రీ వేస్తారు.

రిపోర్టు వచ్చేదాకా నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్తే "ఏం కాదులే" అంటారు.

స్కాన్ దగ్గర పడుతుంటే గుండె దడ, కడుపులో తిప్పడం, అకారణంగా చిరాకు, ఇవన్నీ మాలో చాలామందికి ఏళ్ల తరబడి ఉంటాయి. ఇది పిరికితనం కాదు. "ఏం కాదులే" అన్న మాట ప్రేమతోనే అంటారు, కానీ అది విన్నాక ఇంకేం చెప్పాలనిపించదు. వాళ్లకి ఒక పని చెప్పండి: ల్యాబ్‌కి ఫోన్ నువ్వే చెయ్యి, రిపోర్టు తెచ్చే రోజు నాతో రా అని. నిద్ర, తిండి వారాల తరబడి పాడైతే మీ డాక్టర్‌కి చెప్పండి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రిపోర్టు ఫోన్‌లో వచ్చేసింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ సోమవారం. ఈలోపు మేమే చదవొచ్చా?

అది మీ రిపోర్టు, చదవొచ్చు. శుక్రవారం రాత్రి ఒంటరిగా మాత్రం తెరవకండి. అర్థం కాని మాటలు ఒక కాగితం మీద రాసుకుని, శనివారం పొద్దున మీ డాక్టర్ అసిస్టెంట్‌కి ఫోన్ చేసి "రిపోర్టు వచ్చింది, సోమవారం దాకా ఆగొచ్చా, ఇంకా ముందే రమ్మంటారా, ఒకసారి డాక్టర్ గారికి చూపించి చెప్పండి" అని అడగండి. జవాబు వాట్సాప్‌లో రాసి పెట్టమనండి.